దిబ్బలో ఉన్నదీ, డబ్బాలో ఉన్నదీ

మూడేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్నే మా బాబాయి ఫోను చేశాడు. మాది పల్నాడులో మెట్ట ఊరు, నల్లరేగడి నేల. ఉన్న ఒక్క బోరుకీ డ్రిప్పు బిగించి రెండెకరాల మిరప పెట్టాడు ఆ ఏడు. ముందురోజు సాయంత్రం మందుల కొట్లో కొన్న హ్యూమిక్ యాసిడ్ డబ్బా తొట్లో కలిపి వదిలితే, అరగంట తిరక్కుండానే ఫిల్టరు పూడుకుపోయిందట.

"అమ్మాయ్, నువ్వు చదివింది ఇదేగా. డబ్బాలో ఉన్నప్పుడు చక్కగా సిరాలా ఉంది. తొట్లో పొయ్యంగానే పాలు విరిగినట్టు విరిగిపోయింది. దొంగ సరుకంటావా?"

"తొట్లో ఇంకేం కలిపావు బాబాయ్?"

"కాల్షియం నైట్రేటు. రెండూ ఒకేసారి వదిలితే పనైపోద్దిగా అని."

సరుకు దొంగది కాదనీ, నిజంగా హ్యూమిక్ ఉంది కాబట్టే విరిగిందనీ చెప్పాను. పొటాషియంతో జతకట్టినంతసేపే అది నీళ్ళలో కరిగి ఉంటుంది. కాల్షియం తగలగానే గడ్డకట్టి కిందికి దిగిపోతుంది. కాగితం మిల్లుల్లో మిగిలే లిగ్నోసల్ఫొనేటుకి నల్లరంగు ఉంది కదా అని హ్యూమిక్ పేరుతో అమ్మేవాళ్ళున్నారు. ఆ సరుకైతే కాల్షియం కలిపినా హాయిగా కరిగే ఉండేది, ఫిల్టరు పూడేది కాదు. ఇదంతా చెప్పి, ఫిల్టరు విప్పి కడుక్కోమన్నాను. ఫోను పెట్టేసే ముందు బాబాయి ఇంకో మాట అడిగాడు.

"మన దిబ్బెరువు కూడా ఇట్టా నల్లగానేగా ఉండేది? అందులో ఇది ఉండదా?"

"ఉంటుంది బాబాయ్" అన్నాను. ఆ జవాబు తప్పు కాదు గానీ సగమే. మిగతా సగం చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది నాకు.

నేను ఈ వ్యాసంలో వాదించబోయేది ఇది. హ్యూమిక్ ఆమ్లానికి పంచదారకో యూరియాకో ఉన్నట్టు ఒక ఫార్ములా లేదు. క్షారంలో కరిగి, ఆమ్లం పోస్తే పేరుకునే ముదురురంగు పదార్థం ఏదైనా సరే, దానికి ఆ పేరు పెట్టేశారు. కంపోస్టులోంచి తీసినదానికీ, బొగ్గులోంచి తీసినదానికీ పేరు ఒకటే గానీ రసాయన స్వభావంలో బోలెడు తేడా. ఆ తేడా తెలియకుండా డబ్బా మీది శాతాన్ని చూసి మురిసిపోతూ, ఇంటి వెనక దిబ్బను పట్టించుకోకుండా వదిలేస్తున్నాం. నాకు బాధ కలిగించేది ఈ సంగతే.

పీజీలో ఉండగా నా ప్రాజెక్టు పని ఇదే. వరిగడ్డి, పేడ కలిపి పేర్చిన కుప్ప నుంచి వారం వారం నమూనాలు తెచ్చి, వాటిలోంచి హ్యూమిక్ పదార్థాలు తీయాలి. పద్ధతి కొత్తదేం కాదు. 1786లో ఫ్రాంజ్ కార్ల్ అఖార్డ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పీట్ మట్టిని (చిత్తడి నేలల్లో సగం చివికిన మొక్కల మట్టి) క్షారంతో నానబెట్టి, వచ్చిన ముదురు ద్రావణంలో ఆమ్లం పోసి, అడుగున చేరిన నల్లటి పదార్థాన్ని చూశాడు. (చక్కెర దుంప నుంచి చక్కెర తీసే ఫ్యాక్టరీని మొదట పెట్టిందీ ఆయనే. ఒకే మనిషి చేతిలో తెల్లదీ నల్లదీ రెండూ పుట్టడం నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.) రెండు శతాబ్దాలు దాటాక కూడా ఆ పద్ధతి వెన్నెముక మారలేదు. 1981లో ఏర్పడిన అంతర్జాతీయ హ్యూమిక్ పదార్థాల సంఘం దానికి కొన్ని కట్టుబాట్లు మాత్రం పెట్టింది.

నీడన ఆరబెట్టి జల్లించిన కంపోస్టును ముందు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడుగుతాం. అందులో ఉన్న కాల్షియం, కార్బొనేట్లు పోవాలి. బాబాయి తొట్లో జరిగిన గొడవే ఇక్కడా జరుగుతుంది మరి, కాల్షియం పట్టుకుని ఉన్నంతసేపూ హ్యూమిక్ కరగదు. తర్వాత ఒక పాలు కంపోస్టుకి పది పాళ్ళ చొప్పున 0.1 మోలార్ కాస్టిక్ సోడా ద్రావణం పోసి, సీసాలో గాలి స్థానంలో నైట్రోజన్ నింపి, గంటల తరబడి కుదిపే యంత్రం మీద పెడతాం. నైట్రోజన్ ఎందుకంటే, క్షారంలో ఉన్నప్పుడు ఈ పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని మారిపోతాయి. అప్పుడు మనం కొలిచేది కంపోస్టులో ఉన్నదో, సీసాలో పుట్టినదో చెప్పలేం. ఆ జాగ్రత్త తీసుకోకుండా అచ్చయిన ఫలితాలు నేను చదివినవాటిలో తక్కువేం లేవు.

తెల్లారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన చిక్కటి డికాక్షన్ లాంటి ద్రవం, అడుగున నల్లటి మడ్డి. డికాక్షన్‌ని వేరే బీకరులోకి వంచి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క చుక్కగా వేస్తూ పీహెచ్ ఒకటికి తెస్తాం. చూస్తుండగానే ద్రవం మసకబారుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే గోధుమరంగు తరకలు అడుక్కి చేరి, పైన తేనెరంగు నీళ్ళు తేరుకుంటాయి. ఆ తరకలు హ్యూమిక్ ఆమ్లం. తేనెరంగు నీళ్ళలో ఉన్నది ఫుల్విక్ భాగం. క్షారానికీ లొంగకుండా ట్యూబు అడుగున మిగిలిన మడ్డిని హ్యూమిన్ అంటారు. మడ్డిని మేం కడిగి పారబోసేవాళ్ళం. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

కుప్ప పేర్చిన రోజున తీసిన నమూనాకి కూడా ఇదే తంతు జరపాలని మా మేడమ్ పట్టుబట్టారు. నాకది దండగ పనిలా తోచింది. పచ్చిపేడ, నిన్నమొన్నటి గడ్డి. ఇంకా చివకడం మొదలే కాలేదు, అందులో హ్యూమిక్ ఏముంటుంది? అయినా చేశాను. మర్నాడు పొద్దున బీకరు అడుగున గోధుమరంగు తరకలు. రంగు కాస్త లేతగా ఉంది, అంతే. తూకం వేస్తే గణనీయంగానే ఉంది. ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అవే తరకలు.

గడ్డికి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థానికి క్షారంలో కరిగే గుణం ఉంది. కాగితం మిల్లులు కాస్టిక్ సోడాతో గడ్డిని ఉడికించేది ఆ లిగ్నిన్‌ని వదిలించడానికే. పేడలోని ప్రొటీన్లూ, సూక్ష్మజీవుల కళేబరాలూ కొంతవరకు క్షారంలో కరుగుతాయి. అందులో చాలాభాగం ఆమ్లం పోస్తే పేరుకుంటుంది. పరీక్షకి అది చివికిన సరుకో పచ్చి సరుకో తెలియదు. కరిగిందా, పేరుకుందా అన్నంతవరకే దాని చూపు. ఆ రోజు నుంచి 'హ్యూమిక్ ఆమ్లం ఇంత శాతం' అన్న వాక్యం కనిపిస్తే నా మనసు ముందు ఒక ప్రశ్న వేస్తుంది: అందులో చివికింది ఎంత, చివకనిది ఎంత?

ఈ అనుమానం నాకంటే ముందు మహామహులకే వచ్చింది. క్షయ మందు స్ట్రెప్టోమైసిన్‌కి 1952లో నోబెల్ అందుకున్న సెల్మన్ వాక్స్‌మన్ అసలు మట్టి సూక్ష్మజీవుల మనిషి. ఈ హ్యూమిక్ ఆమ్లాల పేర్లన్నీ మానేయాలని ఆయన 1936లోనే రాశాడు. 2015లో నేల శాస్త్రవేత్తలు యోహానెస్ లేమన్, మార్కస్ క్లేబర్ నేచర్ పత్రికలో ఇంకా గట్టిగా వాదించారు. పీహెచ్ 13 దగ్గరున్న క్షారంతో మట్టిని పిండి తీసినదాన్ని మట్టిలో సహజంగా ఉన్నదని ఎలా అంటారు, మొక్కల అవశేషాలు ముక్కలై, ఇంకా చిన్న ముక్కలై, మట్టి రేణువులకి అంటుకోవడమే అక్కడ జరిగేదంతా అని వాళ్ళ వాదం. హ్యూమిక్ పరిశోధకులు దీన్ని ఊరికే వదల్లేదు. నాలుగేళ్ళ తర్వాత కూడా ప్రతివాదాలు అచ్చవుతూనే ఉన్నాయి.

ఈ తగవులో నా మొగ్గు చెబుతాను. మట్టి విషయంలో లేమన్, క్లేబర్ల మాట నాకు సమంజసంగా ఉంది. కంపోస్టు విషయంలో మాత్రం క్షారంతో తీయడాన్ని చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. ఒకే కుప్ప నుంచి, ఒకే పద్ధతిలో, వేర్వేరు రోజుల్లో తీసిన హ్యూమిక్‌ని పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కుప్ప ఎంతవరకు మాగిందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అప్పుడు చూడాల్సింది బరువుని కాదు, నిర్మాణాన్ని.

మొదట మూలకాల లెక్క. పోలిక కోసం అంతర్జాతీయ సంఘం వాళ్ళ ప్రామాణిక నమూనాలు ఉన్నాయి. లియొనార్డైట్ అనే ఆక్సీకరణం చెందిన లిగ్నైట్ బొగ్గు నుంచి తీసిన హ్యూమిక్ ఆమ్లంలో కర్బనం 63.8 శాతం, హైడ్రోజన్ 3.7, నైట్రోజన్ 1.2. ఇలినాయ్ గడ్డినేల మట్టి నుంచి తీసినదానిలో కర్బనం 58.1 శాతం, హైడ్రోజన్ ఇంచుమించు అంతే, నైట్రోజన్ 4.1. కంపోస్టు నుంచి తీసినదానిలో కర్బనం తరచు ఈ రెండిటికంటే తక్కువ, హైడ్రోజన్ ఎక్కువ. నైట్రోజన్ బొగ్గుదానికి ఎన్నో రెట్లు. హైడ్రోజన్, కర్బన పరమాణువుల నిష్పత్తి బొగ్గుదానిలో 0.7 దగ్గర ఆగితే, కంపోస్టుదానిలో సాధారణంగా ఒకటి దాటుతుంది.

ఆ ఒక్క నిష్పత్తిలోనే చాలా ఉంది. హైడ్రోజన్ తక్కువైతే బెంజీన్ వలయాల్లాంటివి ఎక్కువని అర్థం. లియొనార్డైట్ హ్యూమిక్‌లో కర్బనంలో సుమారు 58 శాతం అలాంటి వలయాల్లోనే ఉందని న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ కొలతలు చెబుతున్నాయి. కోట్ల ఏళ్ళు భూమిలో నలిగి, తేలికగా తెగే గొలుసులన్నీ తెగిపోగా మిగిలిన గట్టి సరుకు అది. కంపోస్టు హ్యూమిక్‌లో పొడుగాటి కర్బన గొలుసులున్నాయి, మొక్కల మైనాలూ సూక్ష్మజీవుల కొవ్వులూ వదిలివెళ్ళినవి. లిగ్నిన్ ముక్కలు ఇంకా తమ మీథాక్సిల్ సమూహాలనే గుర్తుతో సహా ఉన్నాయి. చక్కెరల అవశేషాలున్నాయి. నైట్రోజన్‌లో పెద్ద వాటా ప్రొటీన్లలో ఉండే అమైడ్ బంధాల్లోనే ఉంది. ఇది మొన్నమొన్నటి జీవం. సూక్ష్మజీవులు ఇంకా తినగలవు. తిన్నప్పుడు ఆ నైట్రోజన్ పైరుకి అందుతుంది. బొగ్గుదాన్ని తినడానికి వాటికి పళ్ళు చాలవు.

పరారుణ వర్ణపటం తీస్తే ఈ కథే గీతలుగా కనిపిస్తుంది. నా ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన పని అదే. పలచటి బిళ్ళ చేసి యంత్రంలో పెడితే కొండల్లా లోయల్లా గీత వస్తుంది. 2920 (సెంటీమీటరుకి ఇన్ని తరంగాలని లెక్క) దగ్గర ఉండే గుంట కర్బన గొలుసులది. 1720 దగ్గరది కార్బాక్సిల్ అనే ఆమ్ల సమూహాలది. 1650 చుట్టూ అమైడ్లు, వలయాలు, క్వినోన్లు కలగాపులగంగా ఉంటాయి. 1510 లిగ్నిన్‌ది, 1030 చుట్టూ ఉన్నది చక్కెరలది. కుప్ప పేర్చిన రోజు తీసినదానిలో 1030, 2920 లోతుగా ఉన్నాయి. వారాలు గడిచేకొద్దీ ఆ రెండూ పలచబడి, 1650 చుట్టూ ఉన్నది బలపడింది. తేలిగ్గా అరిగేవి ముందు అరిగిపోయాయి, మొండివి మిగిలాయి, ఆక్సిజన్ కొత్తగా వచ్చి చేరింది. లోకంలో చాలామంది కంపోస్టు మీద చేసిన కొలతల్లోనూ దారి ఇదే. నైట్రోజన్ పెరగడం, ఆమ్లత్వం పెరగడం, వలయాల వాటా పెరగడం కలిసి నడుస్తాయి.

ఇంకా సులువైన కొలత ఒకటుంది. హ్యూమిక్‌ని పలచగా కరిగించి, 465 నానోమీటర్ల దగ్గరా 665 నానోమీటర్ల దగ్గరా కాంతిని ఎంత మింగుతుందో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. హ్యూమిక్ ఆమ్లాలకి అది 5 లోపు, ఫుల్విక్‌కి 6 నుంచి 8.5 మధ్య ఉండటం పరిపాటి. మాగేకొద్దీ అంకె తగ్గుతూ పోతుంది. మామూలు కాలేజీ ల్యాబులో ఉండే పరికరం చాలు దీనికి.

ఈ అణువులు ఎంత పెద్దవి అన్నదాని మీద కూడా అభిప్రాయం తిరగబడింది. మేం చదువుకున్న పుస్తకాల్లో హ్యూమిక్ ఆమ్లం పేజీ నిండా అల్లుకున్న ఒకే ఒక్క మహా అణువు. నేపుల్స్‌లో అలెస్సాండ్రో పిక్కొలో బృందం ఆ ద్రావణంలో కాస్త అసిటిక్ ఆమ్లం కలిపితే చాలు, ఆ మహా అణువు చిన్న చిన్నవిగా విడిపోయినట్టు కొలతల్లో చూపింది. చిన్న అణువులు బలహీనమైన ఆకర్షణలతో గుంపు కట్టి పెద్దవిగా కనబడుతున్నాయని వాళ్ళు చెప్పారు. వేళ్ళు కూడా సేంద్రియ ఆమ్లాలు విడుదల చేస్తాయి కదా. వేరు పక్కకి చేరిన ఈ గుంపు విడిపోయి, లోపల దాక్కున్న చిన్న అణువులు వేరుకి తగులుతాయన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

దీనికి ఒక గట్టి ఉదాహరణ ఉంది. 2002లో బ్రెజిల్ పరిశోధకుడు లూసియానో కనెల్లాస్, ఆయన సహచరులు వానపాముల ఎరువు నుంచి తీసిన హ్యూమిక్ ఆమ్లాన్ని మొక్కజొన్న మొలకలకి ఇచ్చారు. వేళ్ళు సాగాయి, పక్కవేళ్ళు ఎక్కువగా పుట్టాయి, వేరు కణాల పైపొరలో ప్రొటాన్లను బయటికి నెట్టే ఎంజైము చురుకైంది. ఆ హ్యూమిక్‌లోనే ఆక్సిన్ అనే మొక్కల హార్మోను ఆనవాళ్ళు దొరికాయి. ఇక 2014లో వచ్చిన ఒక సమీక్ష, అప్పటిదాకా అచ్చయిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టి, హ్యూమిక్ పదార్థాలు ఇచ్చినప్పుడు మొక్కల పైభాగం పొడిబరువు సగటున 22 శాతం, వేళ్ళది 21 శాతం పెరిగిందని తేల్చింది. మొక్క పైభాగం పెరుగుదలలో బొగ్గు, పీట్ నుంచి తీసినవాటికంటే కంపోస్టు నుంచి తీసినవి స్పష్టంగా ముందున్నాయని కూడా అదే సమీక్ష చెప్పింది.

అందుకని డబ్బాలోది ఉత్త మోసం అని నేను అనను. కొద్దిపాటి మోతాదు కూడా వేరుకి ఒక సంకేతంలా పనిచేయగలదు. ఆ మాట దాచిపెడితే నా వాదన నిజాయితీ తప్పుతుంది. నా అభ్యంతరమల్లా డబ్బాని దిబ్బకి బదులుగా అమ్మడం మీద. 'ఇది వేస్తే పశువుల ఎరువు తోలే పనిలేదు, మట్టి గుల్లబారుద్ది' అని మా ఊళ్ళో ఒకరికొకరు చెప్పుకోవడం నా చెవులతో విన్నాను. ఆ మాటను లెక్కలో పెట్టి చూద్దాం.

ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో సేంద్రియ కర్బనం అర శాతమే అనుకున్నా 4,500 కిలోలు. 12 శాతం హ్యూమిక్ అని రాసిన లీటరు డబ్బా ఎకరానికి పోస్తే చేరేది సుమారు 120 గ్రాములు. ఆ 120 గ్రాములు ఎకరం మట్టిని ఎలా గుల్లబారుస్తాయి? మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టులో సేంద్రియ కర్బనం 12 శాతానికి తగ్గకూడదు. పాతిక శాతం తేమ తీసేసి లెక్కేసినా, అలాంటి నాసి సరుకే ఒక టన్ను తోలితే 90 కిలోల కర్బనం. ట్రాక్టరు ట్రక్కుకి అంతకంటే ఎక్కువే పడుతుంది.

పైగా మట్టి రేణువుల్ని కలిపి కట్టే పనిలో, నీళ్ళు పట్టి ఉంచే పనిలో పెద్ద చెయ్యి ఆ అడుగున మిగిలిన మడ్డిది. మేం సింకులో పారబోసిన హ్యూమిన్ అదే. కంపోస్టులోని కర్బనంలో తరచు సగానికి పైగా క్షారానికి లొంగకుండా అక్కడే ఉండిపోతుంది. మైనాలు, తెగని లిగ్నిన్, మట్టి రేణువుల్ని అంటిపెట్టుకున్న సూక్ష్మజీవుల జిగురు, అన్నీ అందులోనే. డబ్బాలోకి రానిది కూడా అదే. కరగదు కదా, కరగనిదాన్ని డబ్బాలో ఎలా పోస్తారు?

మా రేగడి నేలల సంగతి ఇంకొంచెం చెప్పాలి. హ్యూమిక్ పదార్థాల అసలు బలం కార్బాక్సిల్, ఫినాల్ సమూహాల్లో ఉంది. కార్బాక్సిల్ తన ప్రొటాన్‌ని పీహెచ్ 3 నుంచి 5 మధ్యే వదిలేస్తుంది, ఫినాల్ 9, 10 దాకా వదలదు. మా నేల పీహెచ్ 8 పైన. కాబట్టి కార్బాక్సిల్ సమూహాలన్నీ రుణావేశంతో చేతులు చాపి ఉంటాయి, దొరికిన పోషకాన్ని పట్టుకుంటాయి. రాగిని మరీ గట్టిగా పట్టుకుంటాయి. ఇనుము, జింకు క్షార నేలలో పైరుకి అందకుండా బిగుసుకుపోయేవే, ఇవి పట్టుకుంటే కదిలే స్థితిలో ఉంటాయి. వేరుశనగ ఆకులు పాలిపోయే సున్నపు నేలల్లో ఎరువు తోలిన మడి పచ్చగా ఉండటం మా తాత కళ్ళతో చూసినదే, ఆయనకి కార్బాక్సిల్ పేరు తెలియకపోయినా. కానీ ఇవే నేలల్లో సున్నం మెండు. డబ్బాలోని హ్యూమేటు (పొటాషియంతో జతకట్టిన హ్యూమిక్) మట్టిలో కాల్షియాన్ని కలిసిన చోటే గడ్డకట్టి ఆగిపోతుంది. బాబాయి ఫిల్టరులో జరిగింది పొలంలోనూ జరుగుతుంది, కంటికి కనపడదు, అంతే.

కుప్పలో ఈ కార్బాక్సిల్ సమూహాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆక్సిజన్ నుంచి. లిగ్నిన్‌ని విరగ్గొట్టే శిలీంధ్రాలకి గాలి కావాలి. విరిగిన చోట ఆక్సిజన్ చేరినప్పుడే ఆ సమూహాలు పుడతాయి. ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఉండి తీర్చిదిద్దిన పద్ధతిలో కుప్పను పదేపదే తిరగేయమన్నది ఇందుకే. మా ఊళ్ళో ఇప్పుడు దిబ్బ అంటే ఏడాదంతా పేడా చెత్తా తెచ్చి పోసి, వేసవిలో తవ్వి తోలేది. మధ్యలో పార పెట్టినవాళ్ళు లేరు. లోపల గాలాడక కంపుకొట్టే పసుపుపచ్చ పేడ అలాగే ఉంటుంది. దానిలోంచి కూడా క్షారంతో తీస్తే హ్యూమిక్ ఆమ్లం బాగానే వస్తుంది, మొదటి రోజు నా బీకరులో వచ్చినట్టే. అది పొలంలో వేస్తే అమ్మోనియా, అసిటిక్ ఆమ్లం లాంటివి నారువేళ్ళని కాలుస్తాయి. కలుపు గింజలు బతికే ఉంటాయి. సూక్ష్మజీవులు మట్టిలోని నైట్రోజన్‌ని తమకోసం లాక్కుని పైరుని పస్తుపెడతాయి.

చట్టం ఈ మధ్య కదిలింది. 2021 ఫిబ్రవరిలో జీవ ఉద్దీపనలను (బయోస్టిమ్యులెంట్లను) ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చి, హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాలకి అందులో ఒక తరగతి కేటాయించారు. ఒకప్పుడు సుమారు 30 వేల ఉత్పత్తులు అదుపు లేకుండా అమ్ముడయ్యేవనీ, కట్టడి పెంచాక అవి 650 దగ్గరికి వచ్చాయనీ 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ చెప్పారు. మంచి పనే. నేను కోరేది ఇంకొక్క అడుగు. డబ్బా మీద శాతంతోపాటు అది దేని నుంచి తీసిందో, బొగ్గా, కంపోస్టా, వానపాముల ఎరువా, రైతు చదవగలిగే అక్షరాల్లో తెలుగులో ఉండాలి. ఏ పద్ధతిలో కొలిచారో కూడా రాయాలి. రంగు చూసి కొలిచే పాత పద్ధతుల్లో బెల్లపు మడ్డి కలిపినా ఫుల్విక్ శాతం పెరిగినట్టే కనిపిస్తుంది. 2018లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ తెచ్చిన ఐఎస్ఓ 19822 పద్ధతిలో ఫుల్విక్ భాగాన్ని ప్రత్యేకమైన రెసిన్ మీదుగా పంపి, చక్కెరల్లాంటి కల్తీని పక్కకి తీసేసి కొలుస్తారు. పద్ధతి సిద్ధంగా ఉండగా పాత అంకెల్నే నమ్ముకోమనడం రైతుకి అన్యాయం.

బాబాయికి ఇదంతా ఒక్కసారిగా చెప్పలేదు. వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పాను. పోయిన మాఘంలో వెళ్ళేసరికి దిబ్బ చోటు మారి ఉంది. గుంటలో ఉండేదాన్ని గట్టు మీద నడుం ఎత్తున పొడుగ్గా పేర్చాడు. కందికంప, మిరప మొద్దులు అడుగున వేసి, పైన పేడ, గడ్డి వరసలుగా వేశాడు. పక్కనే ఒక ఇనుప చువ్వ గుచ్చి ఉంది.

"పట్టుకు చూడు" అన్నాడు. చువ్వ బయటికి లాగి పట్టుకోబోయి వదిలేశాను, చెయ్యి చురుక్కుమంది.

"ఇంకా కాలతా ఉంది, మాగలేదు" అన్నాడు బాబాయి. "రెండు మాట్లు తిరగేశా. ఇంకోమాటు తిరగేసి, జూన్ దాకా ఆగుదామనుకుంటున్నా. ఎట్టా ఉందో నువ్వు పట్టుకెళ్ళి చూస్తావా?"

రెండు గుప్పిళ్ళు పాత పాలిథీన్ కవరులో కట్టిచ్చాడు. ఇప్పుడది నీడన ఆరుతోంది. ఈసారి మడ్డిని పారబోయకుండా తూకం వేస్తాను.